అప్పగింతల దగ్గర తెగిన మాట: నాలుగు రకాల ఫైళ్లతో ఒక మిక్సింగ్ కేసు

సంవత్సరీకానికి ఇంకా పన్నెండు రోజులుందనగా దేవరకొండ వైపు నుంచి ఒకామె నల్లగొండలో మా వీడియో మిక్సింగ్ (ఎడిటింగ్) షాపుకు వచ్చింది. చేతిలో బట్టల షాపు సంచి. అందులో మూడు మినీ డీవీ క్యాసెట్లు, ఒక పోర్టబుల్ హార్డ్ డిస్క్, ఒక పెన్‌డ్రైవ్. ఎక్కువగా 2011 మే నెలలో జరిగిన వాళ్ల చెల్లెలి పెళ్ళి వీడియోలు అవి. తండ్రి నిరుడు పోయారు. ఆయన కనిపించే చోట్లన్నీ ఏరి, పెళ్ళి వరస చెడకుండా, రెండు గంటల్లోపు ఒక వీడియో చేసివ్వాలి. సంవత్సరీకం నాడు ఊళ్లో అందరూ కూర్చుని టీవీలో చూస్తారట. వినడానికి వారం రోజుల పని. నేనూ అదే చెప్పాను.

“తమ్మీ, హైదరాబాద్‌ల ఇద్దరికి చూపిచ్చిన. ఒకాయన ఫైళ్లు ఖరాబైనయన్నడు. ఇంకొకాయన చేస్తనన్నడు గని బొమ్మ వస్తే మాట రాలే, మాట వస్తే బొమ్మ సక్కగ లేదు” అంది.

చివరికి తేలిందేమిటంటే ఒక్క ఫైలు కూడా ఖరాబు కాలేదు. ఈ కేసు రాస్తున్నది అందుకే. ‘ఫైల్ కరప్ట్ అయింది’ అనే మాట మా లైన్లో చాలా తొందరగా నోట్లోంచి వచ్చేస్తుంది. నేనూ ఎన్నోసార్లు అన్నాను.

సంచిలో ఏముంది

క్యాసెట్లు అప్పటి పెళ్ళి వీడియోగ్రాఫర్ తీసినవి. హార్డ్ డిస్క్‌లో రెండు ఫోల్డర్లు. మొదటి దాంట్లో మేనమామ తన చిన్న క్యామ్‌కార్డర్‌తో తీసిన అరవై పైచిలుకు మోడ్ (.MOD) ఫైళ్లు. రెండో దాంట్లో అమెరికా నుంచి పెళ్ళికి వచ్చిన పెద్దల్లుడు, అంటే ఈ అక్క వాళ్లాయన, తన హెచ్‌డీ కెమెరాతో తీసిన నలభై ఒక్క ఎంటీఎస్ (.MTS) ఫైళ్లు. పెన్‌డ్రైవ్‌లో తండ్రి చివరి రోజుల్లో మనవడు ఫోన్‌తో తీసిన ముక్కలు.

ఫోన్ ముక్కలు తప్ప అంతా ఒకే పెళ్ళి, ఒకే మండపం. అన్నిట్లోనూ ఒకే మనిషి. నాలుగు రకాల డిజిటల్ వీడియో. క్యాసెట్‌లో ఉన్నది డీవీ, 1990ల నాటి పద్ధతి. మోడ్ ఫైలు లోపల ఉండేది ఎంపెగ్-2, డీవీడీ చుట్టం. ఎంటీఎస్ అంటే ఏవీసీహెచ్‌డీ. సోనీ, పానసోనిక్ కలిసి 2006లో తెచ్చిన పద్ధతి, లోపల హెచ్.264 వీడియో ఉంటుంది. ఫోన్‌లో హెచ్.264 తర్వాత వచ్చిన హెచ్‌ఈవీసీ. పైన ఉన్న పేరు డబ్బా మీది లేబుల్ లాంటిది. హార్లిక్స్ సీసాలో కారప్పొడి పోసుకునే ఇళ్లు మనవి. వీడియో ఫైళ్లూ అంతే, మూత తీసి చూస్తే తప్ప తెలియదు.

నేను చేసిన తప్పు

మూత తీసి చూడాలని తెలిసి కూడా చూడలేదు. పెళ్ళిళ్ల సీజన్, చేతిలో ఇంకో మూడు ఆల్బమ్‌లు ఉన్నాయి. అన్నిటినీ ముందు ఒకే ఫార్మాట్‌లోకి మార్చేస్తే తలనొప్పి ఉండదనుకున్నాను. నెట్‌లో దొరికే ఒక ఉచిత కన్వర్టర్‌లో హార్డ్ డిస్క్ ఫైళ్లన్నీ పడేసి, 720 సైజు, సెకనుకు 25 ఫ్రేములు, ఎంపీ4 అని పెట్టి రాత్రి ఇంటికి వెళ్లిపోయాను. ఆ మర్నాడు కూడా మిషన్ తిరుగుతూనే ఉంది. మూడో రోజు తెరిచి చూస్తే నాకే సిగ్గేసింది. పెళ్ళికూతురు చేయి కదిపితే చేతి అంచున దువ్వెన పళ్లలా గీతలు. కెమెరా పక్కకు తిప్పిన చోటల్లా బొమ్మ కుంటుతోంది. మేనమామ ఫైళ్లలో మనుషులందరూ వెదురు బొంగుల్లా సన్నగా, పొడవుగా ఉన్నారు.

గీతలు ఎందుకొచ్చాయో చెప్పాలి, ఎందుకంటే ఇది సరిదిద్దలేని తప్పు. ఆనాటి క్యామ్‌కార్డర్లు చాలావరకు ఇంటర్లేస్డ్‌గా తీసేవి. ఒక ఫ్రేములో బేసి గీతలు ఒక క్షణానివి, సరి గీతలు తర్వాతి క్షణానివి. ఒక్కో సగాన్ని ఫీల్డు అంటారు. పాత టీవీలకు అదే సరిపోయేది. ఇలాంటి బొమ్మను చిన్నది చేయాలంటే ముందు ఆ రెండు క్షణాలనూ విడదీయాలి, దాన్నే డీ-ఇంటర్లేస్ చేయడం అంటారు. విడదీయకుండా సైజు తగ్గిస్తే రెండు క్షణాల గీతలూ కలిసి ముద్దవుతాయి. పప్పులో ఉప్పు కలిసిపోయాక తీయలేం కదా, అలాగే. ఒరిజినల్స్ నా దగ్గర ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. ఏడెనిమిదేళ్ల కింద ఇంకో పార్టీ విషయంలో కన్వర్ట్ చేశాక ఒరిజినల్స్ చెరిపేశాను. ఆ సంగతి ఇక్కడ వద్దు.

కుంటడానికి కారణం వేరు. అల్లుడి కెమెరా అమెరికాలో కొన్నది. మన దగ్గర సెకనుకు 25 ఫ్రేములు, అంటే 50 ఫీల్డులు. అక్కడ 29.97 ఫ్రేములు, 59.94 ఫీల్డులు. కన్వర్టర్ సెకనుకు అయిదు ఫ్రేముల చొప్పున తీసి పారేసింది. నడిచే మనిషి మధ్య మధ్య ఎగిరినట్టు కనిపిస్తాడు. అంతేకాదు, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. అమెరికా కెమెరా 60కి సెట్ అయి ఉంటుంది. అందుకే ఫంక్షన్ హాల్లో తీసిన షాట్లన్నిటిలో వెలుగు వణికింది. తీసేటప్పుడే షట్టర్‌ను 1/50కో 1/100కో పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. ఈ కాలంలో కూడా బయటి దేశాల నుంచి కెమెరాతో వచ్చే చుట్టాలకు నేను ముందు చెప్పే మాట ఇది.

మూడు రోజులు పోయాయి. తొమ్మిది రోజులున్నాయి.

మూత తీసి చూడటం

ఈసారి ఒక్కో రకం నుంచి ఒక్కో ఫైలు తీసుకుని మీడియాఇన్ఫోలో తెరిచాను. ఉచితంగా దొరికే చిన్న సాఫ్ట్‌వేర్. ఫైల్లో వీడియో ఏ కోడెక్ (కుదించే పద్ధతి), సైజు ఎంత, సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఇంటర్లేస్డా కాదా, ఫీల్డుల్లో ఏది ముందు, ఆడియో ఏ రకం, అన్నీ చెబుతుంది. కాగితం మీద నాలుగు గళ్లు గీసుకుని రాసుకున్నాను. అరగంట పని. మొదటి రోజే చేసి ఉంటే ఈ వ్యాసంలో సగం ఉండేది కాదు.

మోడ్ ఫైళ్ల సంగతి ముందు తేలింది. మా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాటిని అసలు తీసుకోలేదు, పేరు చూసే గేటు దగ్గర ఆపేసింది. లోపల ఉన్నది మామూలు ఎంపెగ్-2, 720 బై 576. పేరు చివర మోడ్ తీసేసి ఎంపీజీ అని పెడితే లోపలికి రానిచ్చింది. సన్నబడిన మనుషుల సంగతి ఇంకా ఉంది. కెమెరాను వైడ్ మోడ్‌లో పెట్టి తీశారు. కానీ ఇది వెడల్పు బొమ్మ అన్న సమాచారం ఈ రకం కెమెరాల్లో వీడియో ఫైల్లో సరిగా ఉండదు, పక్కనే మోయ్ (.MOI) అనే చిన్న ఫైల్లో రాసి ఉంటుంది. కాపీ చేసుకునేటప్పుడు ‘ఈ చిన్న ఫైళ్లు దేనికిలే’ అని మేనమామ గారు వదిలేశారు. పది మందిలో తొమ్మిది మంది అదే చేస్తారు. మేం ఫైళ్లన్నిటినీ సెలెక్ట్ చేసి, ఇది 16:9 బొమ్మ అని చేత్తో చెప్పాం. పిక్సెల్ వెడల్పు దాని ఎత్తుకు సుమారు 1.46 రెట్లు అని పెట్టగానే మనుషులు మనుషుల్లా అయ్యారు.

ఎంటీఎస్‌లో బొమ్మ వచ్చింది, మాట రాలేదు. హైదరాబాద్ ఆయన ఆగింది ఇక్కడే అయి ఉంటుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో వేస్తే మాత్రం మాట నిక్షేపంగా వినిపిస్తోంది. కస్టమర్లు ‘మా కంప్యూటర్ల మంచిగనే వస్తుంది కదన్నా, నీ దగ్గరెందుకు రాదు’ అని అడిగేది ఇందుకే. వీఎల్‌సీ తన డీకోడర్లు తనే మోసుకు తిరుగుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అలా కాదు. ఏవీసీహెచ్‌డీ కెమెరాల్లో ఆడియో ఎక్కువగా డాల్బీ డిజిటల్, అంటే ఏసీ-3. దాన్ని విప్పే డీకోడర్ కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది, కొన్ని విండోస్ మీద ఆధారపడతాయి, కొన్నిటిలో ఒక వెర్షన్‌లో ఉండి ఇంకో వెర్షన్‌లో ఉండదు. అప్‌డేట్ చేసిన మర్నాడు పాత ప్రాజెక్టు తెరిస్తే మాటలు మాయమైన అనుభవం చాలామందికి ఉంది.

దీనికి మొత్తం ఫైలును కన్వర్ట్ చేయనక్కర్లేదు. కమాండ్‌లతో నడిచే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వీడియోను ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు కాపీ చేసి, ఆడియోను మాత్రం కుదించని పీసీఎంగా విప్పి, ఎంఓవీ డబ్బాలో పెట్టాను. బొమ్మ నాణ్యత వెంట్రుక వాసి కూడా తగ్గదు. ముందు కన్వర్టర్ రెండు రాత్రులు తిన్న పని, ఈ పద్ధతిలో అరగంటలో అయిపోయింది. కమాండ్ టైపు చేయాలంటే మా లైన్లో చాలామందికి టెన్షన్. ఒక్క లైను రాసి గోడకు అంటించుకుంటే చాలు, మా షాపులో అలాగే ఉంది.

అసలు చిక్కు

రఫ్ కట్ (మొదటి కూర్పు) చేసి అక్కకు చూపించాను. బాగుందంది. అప్పగింతల దగ్గరికి వచ్చేసరికి మానిటర్ దగ్గరికి జరిగింది.

తండ్రి కూతురి చేయి పెళ్ళికొడుకు చేతిలో పెట్టి, మళ్లీ కూతురి వైపు తిరిగి అంటున్నాడు: “ఏమన్న అయితే ఫోన్ చెయ్ బిడ్డా...” అక్కడ బొమ్మ టక్కున ఎగిరి, “...అర్ధరాత్రైనా సరే” అని వినిపిస్తుంది. నడుమ ముప్పాతిక సెకను లేదు.

“తమ్మీ, గాడ మా నాయిన ఇంకో మాటన్నడు. నేను పక్కనే ఉన్న. గా మాట కావాలె నాకు.”

నేను కట్ చేసింది కాదు. వేరే రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టానంతే. మొదటి ఫైలు పేరు ‘అప్పగింతలు’, రెండోది ‘కారు’. అవి తీసిన పెద్దల్లుడు రెండు మెమరీ కార్డులు వాడాడు. రెండింట్లోనూ ఫైళ్లు 00000 నుంచే మొదలవుతాయి. ఒకే ఫోల్డర్‌లో పడేస్తే పేర్లు కొట్టుకుంటాయని ఇంట్లో పిల్లలెవరో చిన్న బొమ్మ చూసి ఒక్కోదానికీ పేరు పెట్టారు. మంచి ఉద్దేశమే. కానీ దాంతో ఏ ఫైలు తర్వాత ఏ ఫైలు అన్న వరస పోయింది.

‘అప్పగింతలు’ సైజు చూశాను. దాదాపు సరిగ్గా 2 జీబీ. అప్పుడు వెలిగింది.

ఏవీసీహెచ్‌డీ కెమెరాలు పొడవైన రికార్డింగును ఒకే ఫైల్లో పెట్టవు. కార్డులో ఫైళ్లు దాచేది ఫ్యాట్32 అనే పద్ధతి అయితే ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు. కొన్ని కెమెరాలు 2 జీబీకే ముక్క చేస్తాయి. 17 మెగాబిట్ల చొప్పున తీస్తే 2 జీబీకి పదహారు పదిహేడు నిమిషాలు. అల్లుడు రికార్డ్ నొక్కి వదిలేశాడు. సరిగ్గా ఆ తండ్రి నోరు తెరిచిన చోట కెమెరా ఫైలు మార్చింది. అది చూసి మార్చదు కదా, దాని లెక్క దానిది.

అయితే కెమెరా ఆ ముప్పాతిక సెకనును పారేయలేదు. కత్తిరించిన చోట కొన్ని ప్యాకెట్లు మొదటి ఫైలు చివర, మిగిలినవి రెండో ఫైలు మొదట్లో ఉంటాయి. పైగా హెచ్.264లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు, పక్క ఫ్రేములను ఆధారం చేసుకుని గీసిన బొమ్మ. రెండు ఫైళ్లనూ విడివిడిగా తెరిస్తే సాఫ్ట్‌వేర్‌కు ఇటు తోక సగం, అటు తల సగం కనిపిస్తాయి. పూర్తిగా లేనిదాన్ని అది వదిలేస్తుంది. రెండింటినీ జత చేసే సమాచారం కార్డులో వేరే ఫోల్డర్లలో, క్లిపిన్ఫ్, ప్లేలిస్ట్ అనే పేర్లతో ఉంటుంది. కార్డు మొత్తాన్ని ఫోల్డర్లతో సహా కాపీ చేసి ఉంటే కెమెరాతో వచ్చే సాఫ్ట్‌వేరే కలిపి ఇచ్చేది. అల్లుడు స్ట్రీమ్ ఫోల్డర్‌లో ఉన్న వీడియో ఫైళ్లు మాత్రమే తెచ్చాడు. వీడియోలు కావాలి, వీడియోలు తెచ్చాడు. ఆయన్ను ఏమనగలం?

ఒక అదృష్టం ఉంది. ఎంటీఎస్ అనేది ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్, కాలువలో నీళ్లలాగా వరసగా వచ్చే ప్యాకెట్లు. కాబట్టి రెండు ముక్కల్ని ఒకదాని వెనక ఒకటి అతికిస్తే మళ్లీ ఒకటే కాలువ. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ కమాండ్‌కు స్లాష్ బీ తగిలించి రెండు పేర్ల మధ్య ప్లస్ పెడితే చాలు. ఎంపీ4 ఫైళ్లకు ఈ కిటుకు పనిచేయదు, అక్కడ ప్రయత్నించి నన్ను తిట్టుకోవద్దు.

అయితే దేనికి దేన్ని అతికించాలి? 2 జీబీ నిండిన ఫైళ్లు ఆరున్నాయి. ‘కారు’ దీని కొనసాగింపే అని నా అనుమానం, కానీ రుజువు కావాలి. ఈ రకం ఫైళ్లలో తీసిన తేదీ, టైము వీడియోలోనే దాగి ఉంటాయి, పేరు మార్చినా చెరిగిపోవు. ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని చదువుతుంది. చదివిస్తే ముహూర్తం షాటుకు అర్ధరాత్రి 12:58 అని వచ్చింది. మొదట అర్థం కాలేదు. శుభలేఖలో 11:28 ఉంది, పగలు. తర్వాత తట్టింది, కెమెరా గడియారం చికాగో టైములోనే ఉండిపోయింది. మే నెలలో మనకూ వాళ్లకూ తేడా పదిన్నర గంటలు. లెక్క నిమిషంతో సహా సరిపోయింది. ఇక మిగతాది సులువు. ‘అప్పగింతలు’ ముగిసింది 4:11:20కి, ‘కారు’ మొదలైంది 4:11:20కి. మన టైము మధ్యాహ్నం 2:41.

రెండూ అతికించి, ఆడియో విప్పి, టైమ్‌లైన్ (ఎడిటింగ్‌లో ముక్కలు వరసగా పేర్చే చోటు) మీద వేశాను. అక్క ఊరికి వెళ్లిపోయింది కాబట్టి ఫోన్ చేసి స్పీకర్ దగ్గర పెట్టాను.

“ఏమన్న అయితే ఫోన్ చెయ్ బిడ్డా, నేనొస్త, అర్ధరాత్రైనా సరే.”

అవతల చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత “మల్లొక్కసారి పెట్టు తమ్మీ” అంది.

మిగతా పని

క్యాసెట్ల గురించి ఎక్కువ చెప్పను. డీవీని కంప్యూటర్లోకి ఎక్కించాలంటే ఫైర్‌వైర్ పోర్టు కావాలి, ఈ కాలం ల్యాప్‌టాపుల్లో అది లేదు. యూఎస్‌బీ తగిలిస్తే చాలా కెమెరాల్లో ఫొటోలు తప్ప క్యాసెట్‌లోని అసలు వీడియో రాదు. నా దగ్గర ఫైర్‌వైర్ కార్డున్న పాత డెస్క్‌టాప్ ఒకటుంది, దుమ్ము దులిపి వాడతాను. ఒక క్యాసెట్ మాత్రం గళ్లు గళ్లుగా పగిలింది. క్యాసెట్ కలిసొస్తుందని అప్పటి వీడియోగ్రాఫర్ ఎల్‌పీ మోడ్‌లో తీశాడు, అరవై నిమిషాల టేపులో తొంభై నిమిషాలు. అలా తీసిన టేపు తీసిన కెమెరాలోనే సరిగా ఆడుతుంది, వేరే కెమెరాలో నమ్మకం లేదు. ఆయన ఇప్పుడు కొండమల్లేపల్లిలో డ్రోన్లు తిప్పుతున్నాడు. పాత కెమెరా అటక మీద ఉందన్నాడు. బండి వేసుకుని వెళ్లి తెచ్చాను, హెడ్ క్లీన్ చేసి వేస్తే ఆడింది. మొత్తం మూడున్నర గంటల ఫుటేజీ, గంటకు 13 జీబీ లెక్కన నలభై అయిదు జీబీ పైన.

టైమ్‌లైన్ దేనికి పెట్టాలన్నది కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. క్యాసెట్లూ, మోడ్ ఫైళ్లూ మామూలు రిజల్యూషన్, అల్లుడివి మాత్రమే హెచ్‌డీ. ఫుల్ హెచ్‌డీ అని చెప్పుకోవడానికి 1080 పెట్టొచ్చు, కానీ అది గొప్పకే. 720 సైజు, సెకనుకు 50 ఫ్రేములు పెట్టాను. ఇంటర్లేస్డ్ వీడియోలో ఒక్కో ఫీల్డునూ ఒక్కో ఫ్రేముగా విప్పితే మన 50 ఫీల్డులు 50 ఫ్రేములుగా సాఫీగా కూర్చుంటాయి. ఒక జాగ్రత్త, డీవీలో కింది ఫీల్డు ముందు, ఏవీసీహెచ్‌డీలో పై ఫీల్డు ముందు. తారుమారు చేస్తే మనుషులు జ్వరమొచ్చినట్టు వణుకుతారు. అల్లుడి 59.94ను 50కి తెస్తే కుంటు చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. అందుకే బారాత్ లాంటి కదిలే చోట్ల క్యాసెట్ బొమ్మ, దగ్గరి ముఖాలకూ మాటలకూ అల్లుడి ఫైళ్లు వాడాను.

ఫోన్ ముక్కలు మనవడు వాట్సాప్‌లో వచ్చినవే పెన్‌డ్రైవ్‌లో వేశాడు, నలిగిపోయి ఉన్నాయి. మళ్లీ అడిగి డాక్యుమెంటుగా పంపించుకున్నాను. ఫోన్ వీడియోలో ఫ్రేముల వేగం వెలుతురును బట్టి మారుతుంటుంది, అలాగే టైమ్‌లైన్ మీద వేస్తే పది నిమిషాలకు పెదాలు ఒకచోట, మాట ఒకచోట అవుతాయి. స్థిరంగా 50కి మార్చి వాడాను. ఇవి రెండు నిమిషాలే.

గంటా యాభై నిమిషాల వీడియో రెండు రోజుల ముందే ఇచ్చాను. ఏడు వేలు అడిగాను, కొండమల్లేపల్లి పెట్రోలుతో కలిపి. ఎడిట్‌తో పాటు ఒరిజినల్స్ అన్నీ పేర్లు, తేదీలు సరిచేసి వేరే హార్డ్ డిస్క్‌లో వేసి, ‘ఇది చెరపొద్దు అక్కా, కొత్తది కొన్నప్పుడు దీన్నీ దాంట్లోకి ఎక్కించు’ అని చెప్పి పంపాను.

మర్నాడే ఫోన్. టీవీకి పెన్‌డ్రైవ్ పెడితే ఫైలే కనపడటం లేదట. ఊళ్లో టీవీ పాతది, ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ మాత్రమే చదువుతుంది. నా ఫైలు 5 జీబీ దాటింది, అందులో పట్టదు. చేసేదేముంది, నేనే రెండు ముక్కలు చేయాల్సి వచ్చింది. ఈసారి ఎక్కడ తెంపాలో మొత్తం వీడియో వేసుకుని వెతికాను. భోజనాలు అయిపోయి, జనం చేతులు కడుక్కుంటూ, వెనక మైకులో ఎవరో తప్పిపోయిన చెప్పుల గురించి అనౌన్స్ చేస్తున్న చోట తెంపాను.